వీఆర్ ఆటల్లో కొత్త మాటలు

వర్చువల్ రియాలిటీ, వాడుకలో వీఆర్, కళ్లకు తగిలించుకునే తెరలతో మనిషిని మరో చోట ఉన్నట్టు నమ్మించే సాంకేతికత. పరభాషా పదాలు నేర్పడానికి దీన్ని ఆటల రూపంలో వాడడం 2010ల నడుమ నుంచి ఊపందుకుంది. పద్ధతి సూటిగానే ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టుకున్న విద్యార్థి ఒక వంటగదిలోనో, రైల్వే స్టేషన్‌లోనో, రేవు ఒడ్డునో నిలబడి ఉంటాడు. ఎదుట ఉన్న వస్తువును చేత్తో పట్టుకుంటే నేర్చుకోవలసిన భాషలో దాని పేరు వినబడుతుంది. కాసేపటికి ఆటే పని చెబుతుంది: ఫలానాది తీసి ఫలానా చోట పెట్టు, ఆ తలుపు మూసి ఈ దీపం వెలిగించు. మాట అర్థమైతేనే ఆట ముందుకు సాగుతుంది. అర్థం కాకపోతే ఎవరూ కోప్పడరు, మార్కులు పోవు. అదే మాట మళ్లీ వినబడుతుంది.

ఈ విషయాన్ని అనంతపురం పీఠభూమి మీద నిలబడి చూడడానికి గట్టి కారణమే ఉంది. పడమటి కనుమల వానచాటున పడిన ఈ నేలకు ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. చెనక్కాయ పంట ఎండిన ఏడు ఎన్నో కుటుంబాలు బెంగళూరు బస్సెక్కుతాయి. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి జిల్లా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయినా ఈ లెక్క మారలేదు. ఇంకో భాష నాలుగు మాటలు రావడం ఇక్కడ కూలి రేటును మార్చే సంగతి. మడకశిర, రాయదుర్గం వైపు పిల్లల చెవిన కన్నడం పడుతూనే ఉంటుంది. హిందూపురం, కదిరి వీధుల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ, బడిలో ఇంగ్లీషు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల కొరియన్ కూడా వినబడసాగింది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్డీటీ సంస్థ, పల్లెల్లో పుట్టి డిగ్రీలు చదివిన యువతకు ఇంగ్లీషుతో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే విదేశీ భాషల శిక్షణ కేంద్రాన్ని నడుపుతూ వచ్చింది. ఇన్ని భాషలు ఎదురయ్యే చోట, కొత్త మాట మనసులో ఎలా నాటుకుంటుందన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే ఎంతో మందికి మేలు.

మాట నిలిచే తీరు

జర్మన్ మనస్తత్వవేత్త హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన పరిశోధన ఈ రంగానికి పునాది. అర్థంలేని అక్షరాల గుత్తులను తానే కంఠతా పట్టి, ఎంత సేపటికి ఎంత మరచిపోతున్నాడో కొలుచుకున్నాడు. మరపు మొదటి కొన్ని గంటల్లోనే వేగంగా సాగి, ఆ తర్వాత నెమ్మదిస్తుందని తేల్చాడు. పూర్తిగా చెరిగిపోక ముందే మళ్లీ తారసపడిన మాట ముందుకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టిన పదాలు వారం తిరిగేసరికి ఎందుకు మాయమవుతాయో చెప్పడానికి ఇది చాలు. 1972లో క్రెయిక్, లాక్‌హార్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో మెట్టు ఎక్కారు. ఒక మాటను ఎన్నిసార్లు చూశామన్నదాని కంటే, చూసిన ప్రతిసారీ మనసు దానితో ఎంత పని చేసిందన్నదే ముఖ్యమని వాదించారు. అక్షరాలు గమనించి వదిలేసిన మాటకూ, అర్థం ఆలోచించి వాడిన మాటకూ జ్ఞాపకంలో దక్కే చోటు ఒకటి కాదు.

ఆ పనిలో శరీరానికీ వాటా ఉంది. అమెరికాలో జేమ్స్ ఆషర్ 1960లలో రూపొందించిన బోధన పద్ధతిలో విద్యార్థులు మొదట మాట్లాడరు. టీచరు పరభాషలో చెప్పిన ఆజ్ఞలను చేసి చూపిస్తారు. లే, నడువు, కిటికీ మూయి, పుస్తకం అతనికివ్వు. 2004లో హౌక్, జాన్స్‌రూడ్, పుల్వర్‌ముల్లర్ ప్రచురించిన మెదడు చిత్రాల అధ్యయనం దీనికి ఒక ఆధారం చూపింది. నాకడం, ఏరడం, తన్నడం వంటి అర్థాలున్న ఇంగ్లీషు క్రియలను ఊరికే చదువుతున్నప్పుడు కూడా నాలుకను, చేతిని, కాలిని కదిలించే మెదడు భాగాల దగ్గర చురుకుదనం కనబడింది. క్రియ అర్థంలో కొంత భాగం దాన్ని చేసే అవయవం దగ్గరే దాచి ఉంటుందన్న వాదానికి అది బలమిచ్చింది.

పల్లెలో ఇది నిత్యం జరిగేదే. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలిన పిల్లకు ఆ మాటలు ఎవరూ బట్టీ పట్టించలేదు. గుంటక ఏదో, మడక ఏదో, కాడి ఎక్కడ కడతారో చేత్తో పట్టుకుని నేర్చుకుంది. అదే పిల్లకు ఆరో తరగతి ఇంగ్లీషు వాచకంలో ప్లౌ, షిప్, స్నో అనే మాటలు ఒకే పేజీలో, ఒకే సైజు అక్షరాల్లో ఎదురవుతాయి. మొదటిదానికి ఆమె చేతిలో అనుభవం ఉంది. మిగతా రెండింటికీ నోట్సులో రాసుకున్న తెలుగు అర్థమే దిక్కు. వీఆర్ ఆటలు పూడ్చగలిగింది ఈ ఖాళీనే.

ప్రయోగాలు చెప్పేది

పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో జెన్నిఫర్ లెగాల్ట్, పింగ్ లీ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనాన్ని కాస్త దగ్గరగా చూడాలి. చైనీస్ రాని 64 మందికి 60 మాండరిన్ పదాలు నేర్పారు. 30 పదాలను పాత పద్ధతిలో, ఒక భాష మాట పక్కన ఇంకో భాష మాట పెట్టి. తక్కిన 30ని వీఆర్‌లో. వీఆర్ లోకాలు రెండు కట్టారు. ఒకటి వంటగది: అక్కడ వస్తువులను చేత్తో తీసి కదిలించవచ్చు. రెండోది జంతు ప్రదర్శనశాల: అక్కడ తిరిగి చూడడమే. మొత్తం మీద వీఆర్‌లో నేర్చిన పదాలే బాగా గుర్తున్నాయి. అందులోనూ చేతికి పని కల్పించిన వంటగదిదే పైచేయి. ఇంకో సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. పదాలు తేలికగా పట్టేసే వాళ్లకు రెండు పద్ధతుల మధ్య తేడా కనబడలేదు. నేర్చుకోవడంలో వెనకబడిన వాళ్లే వీఆర్ వల్ల ఎక్కువ లాభపడ్డారు. జాబితా చదివి గుర్తుపెట్టుకోగల పిల్లకు ఏ పద్ధతైనా ఒకటే. వెనక బెంచీలో చతికిలపడిన పిల్లవాడికి పద్ధతి మారితే ఫలితం మారుతుంది. మొదటి తరం చదువరులు ఎక్కువగా ఉన్న బడులు ఈ ప్రయోగం నుంచి గ్రహించవలసింది ఇదే.

ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్ 2018లో వెలువరించిన ‘వర్డ్స్ ఇన్ మోషన్’ ప్రయోగం ఈ చేతిపని సంగతిని విడదీసి పరీక్షించింది. విద్యార్థి వీఆర్‌లో ఒక పని చేస్తాడు. యంత్రం ఆ కదలికను గుర్తుపట్టి దాని పేరును పరభాషలో చూపుతుంది. పాల్గొన్న 57 మందిలో కొందరికి రాత మాత్రమే, కొందరికి కదలిక లేని వీఆర్, కొందరికి కదలికతో కూడిన వీఆర్. పాఠం ముగిసిన వెంటనే పెట్టిన పరీక్షలో రాత చదివిన వాళ్లే ముందున్నారు. అక్కడితో ఆపేసి ఉంటే వీఆర్ దండగ అని తేలిపోయేది. వారం తర్వాత మళ్లీ అడిగితే లెక్క మారింది. నేర్చిన మాటల్లో నిలిచిన వంతు, చేసి నేర్చుకున్న వాళ్లకు మిగతా రెండు జట్ల కంటే ఎక్కువ. ఒక పనిని ఎన్నిసార్లు చేశారో, ఆ మాట గుర్తుండడం కూడా అంతగా పెరిగింది.

మెచ్చుకోలుకు హద్దు పెట్టే ఫలితాలూ ఉన్నాయి. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన గైడో మక్రాన్‌స్కీ బృందం ఒక సైన్స్ ప్రయోగశాల పాఠాన్ని మామూలు తెర మీద, వీఆర్‌లో ఇచ్చి పోల్చింది. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం వీఆర్ వాడిన వాళ్లకు అక్కడే ఉన్నామన్న భావన ఎక్కువ కలిగింది, నేర్చుకున్నది మాత్రం తక్కువ. రంగులు, శబ్దాలు, చుట్టూ తిరిగి చూడాలన్న ఉబలాటం, ఇవన్నీ మెదడు శక్తిని తినేస్తాయి. నేర్పవలసిన మాటకూ చేయవలసిన పనికీ మధ్య విడదీయరాని ముడి లేకపోతే ఆట మిగులుతుంది, మాట పోతుంది. పదాల ఆట రాసేవాళ్లు బొమ్మల అందానికి పెట్టే శ్రమలో సగమైనా ఈ ముడి మీద పెట్టాలి.

చుట్టూ ఉన్న పరిసరం జ్ఞాపకానికి అంటుకుంటుందన్న విషయం కూడా మరవకూడదు. బ్రిటన్‌లో గాడెన్, బాడ్లీ 1975లో డైవర్ల చేత కొన్ని పదాలను నీటి అడుగున, కొన్నింటిని ఒడ్డున నేర్పించి చూశారు. నీటిలో నేర్చినవి నీటిలోనే, ఒడ్డున నేర్చినవి ఒడ్డునే బాగా గుర్తొచ్చాయి. ఒక మాటను ఒకే వీఆర్ గదిలో ఎప్పుడూ ఒకే బల్ల మీద చూపిస్తే అది ఆ బల్లకే అతుక్కుపోతుంది. అదే మాట వంటింట్లో ఒకసారి, సంతలో ఒకసారి, హెడ్‌సెట్ తీశాక తరగతి గదిలో ఇంకోసారి ఎదురుకావాలి.

యంత్రం లోపల

తలకు తగిలించుకునే తెరను ఐవన్ సదర్లాండ్ 1968లోనే తయారుచేశాడు. అది పైకప్పు నుంచి వేలాడే బరువైన యంత్రం. ప్రయోగశాలల్లోనే ఉండిపోయిన ఈ విద్య 2012లో ఆక్యులస్ సంస్థ ప్రజల నుంచి చందాలు కూడగట్టి హెడ్‌సెట్ తయారీకి దిగడంతో బజారు దారి పట్టింది. ఫేస్‌బుక్ 2014లో ఆ సంస్థను కొనేసింది. అలా 2020లో వచ్చిన క్వెస్ట్ 2 హెడ్‌సెట్ బరువు అర కిలో, అమెరికాలో మొదటి ధర 299 డాలర్లు.

హెడ్‌సెట్‌లో ఒక్కో కంటి ముందు ఒక్కో బొమ్మ ఉంటుంది. రెండు బొమ్మలకూ మన కళ్ల ఎడం వల్ల సహజంగా వచ్చే పాటి తేడా పెడతారు. మెదడు ఆ తేడాను లోతుగా చదువుకుంటుంది. బొమ్మలు కంటికి రెండంగుళాల దూరంలో ఉన్నా, మధ్యలోని కటకాలు వాటిని దూరానికి నెట్టినట్టు చూపిస్తాయి. తల తిప్పితే లోపలి సెన్సర్లు ఆ కదలికను కొలిచి దృశ్యాన్ని మారుస్తాయి. ఈ మార్పు సెకనులో యాభయ్యో వంతు లోపు జరిగిపోవాలి. ఆలస్యమైతే కన్ను చెప్పేదీ, లోపలి చెవి చెప్పేదీ పొసగక ఘాట్ రోడ్డు బస్సులో లాగా కడుపు తిప్పుతుంది.

యంత్రాల్లో రెండు తరగతులున్నాయి, కొనేముందు ఈ తేడా తెలియాలి. 2014లో గూగుల్ తెచ్చిన కార్డ్‌బోర్డ్ లాంటివి అట్టపెట్టెలో ఫోను పెట్టి చూసేవి. తల ఎటు తిరిగిందో వాటికి తెలుస్తుంది గానీ మనిషి ముందుకు అడుగేసినా, చెయ్యి చాచినా తెలియదు. రెండో తరగతి హెడ్‌సెట్లకు బయటివైపు కెమెరాలుంటాయి. అడుగునూ చేతినీ వెంటాడతాయి. అట్టపెట్టె జంతుశాలను ఇవ్వగలదు, వంటగదిని ఇవ్వలేదు. చౌకగా దొరుకుతాయి కదా అని అట్టపెట్టెలు తెచ్చి, పేరున్న ప్రయోగాల ఫలితాలు వాటితో ఆశించడం పొరపాటు. యాప్‌ల సంగతీ చూసుకోవాలి. కార్డ్‌బోర్డ్‌తో బడిపిల్లలను లోకమంతా తిప్పిన గూగుల్ ఎక్స్‌పెడిషన్స్‌ను ఆ సంస్థ 2021లో మూసేసింది. పరికరం బీరువాలో భద్రంగా ఉన్నా పాఠం మాయమైంది.

ఒక హెడ్‌సెట్, నలభై మంది

పల్లె బడిలో అసలు చిక్కు లెక్క దగ్గర వస్తుంది. ముప్పావు గంట పీరియడ్‌లో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలిస్తే తొమ్మిది మందికే వంతు. మిగతా వాళ్లు గోడ చూస్తూ కూర్చోవాలి. ఈ చిక్కును అనుకోకుండా విప్పిన ఆట ఒకటుంది. 2015లో కెనడాకు చెందిన స్టీల్ క్రేట్ గేమ్స్ విడుదల చేసిన ‘కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్’ భాష నేర్పడానికి తయారైంది కాదు. హెడ్‌సెట్ పెట్టుకున్న ఒక్కరికే ఒక బాంబు కనబడుతుంది: రంగురంగుల తీగలు, బొత్తాలు, గుర్తులు, క్రమ సంఖ్య. దాన్ని విప్పే పద్ధతి రాసిన పుస్తకం బయట కూర్చున్న వాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లకు బాంబు కనబడదు. గడియారం తిరుగుతుంటుంది. లోపలున్న వాడు చూసింది చెప్పాలి, బయటున్న వాళ్లు చదివి ఏం చేయాలో చెప్పాలి. ఇద్దరి మధ్యా ఉన్న దారి మాట ఒక్కటే.

భాషా బోధకులు ఈ ఆటను తరగతుల్లో వాడుతున్నారంటే ఆశ్చర్యం లేదు. ఎరుపు తీగలెన్ని, చివరిది ఏ రంగు, మూడోది కోయాలా నాలుగోది కోయాలా, నొక్కి వదలాలా పట్టుకుని ఉండాలా, ఇలాంటి చిన్న మాటలే ప్రాణం. రంగులు, వరస సంఖ్యలు, పైన, కింద, ముందు, తర్వాత అనే మాటలను పిల్లలు పది నిమిషాల్లో ముప్పై నలభై సార్లు పలుకుతారు, వింటారు. తప్పు పలికితే జట్టంతా ఓడుతుంది గనుక సరిచేసే పని కూడా పిల్లలే చేస్తారు. ఒక్క హెడ్‌సెట్‌తో ఐదారుగురికి పని దొరుకుతుంది. ఇదే ఎత్తుగడను బాంబుకు బదులు బోరుబావి మోటారుకు వేసుకోవచ్చు. లోపలున్న అమ్మాయికి స్టార్టర్ పెట్టె, ఫ్యూజులు, వాల్వులు, గేట్లు కనబడతాయి. బయటి వాళ్ల చేతిలో ఇంగ్లీషు సూచనల కాగితం. నీళ్లు డ్రిప్ పైపుల్లోకి ఎక్కితే గెలుపు. అనంతపురం పిల్లలకు మోటారు ఎలా పనిచేస్తుందో ముందే తెలుసు గనుక దృష్టి అంతా మాటల మీదే నిలుస్తుంది.

హెడ్‌సెట్ అసలే లేని చోట కూడా ఈ ఆట సగం పనిచేస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. మూడు కొలతల దృశ్యాన్ని ట్యాబులో వేలితో తిప్పి చూడవచ్చు. అక్కడే ఉన్నామన్న భావన తగ్గుతుంది, చేతి కదలిక పోతుంది. జట్టు మాట్లాడుకోవడం మాత్రం అలాగే ఉంటుంది.

ఏ దృశ్యాలు కట్టాలి

చేనుకు వెళితే దొరికే మాటలకు వీఆర్ అక్కర్లేదు. ఆకు, వేరు, మట్టి, మేక, బండి, వీటి ఇంగ్లీషు పేర్లు బడి గేటు దాటి రెండడుగులు వేస్తే నేర్పవచ్చు. టీచరు పిల్లలను వెంటబెట్టుకుని బయటికి నడిస్తే చాలు. హెడ్‌సెట్‌ను అందని వాటికి దాచుకోవాలి. అనంతపురం నుంచి సముద్రం రోడ్డు దారిన మూడు వందల కిలోమీటర్ల పైనే. అల, ఆటుపోటు, లంగరు, రేవు, ఓడ అనే మాటలు ఇక్కడి పిల్లలకు పుస్తకంలోనే పరిచయం. వీఆర్‌లో రేవు ఒడ్డున నిలబడి, లంగరు గొలుసును రెండు చేతులా లాగిన పిల్లకు ఆ మాట ఇక బొమ్మల పుస్తకం మాట కాదు. మంచు, హిమనది, విమానాశ్రయం, మెట్రో రైలు కూడా ఈ కోవలోవే.

అందుబాటులోనే ఉన్నా పిల్లలను రానివ్వని చోట్లు ఇంకో కోవ. బ్యాంకు కౌంటరు అలాంటిది. పంట రుణం, బీమా ప్రీమియం, వాయిదా, సబ్సిడీ, క్లెయిమ్ అనే మాటలు రైతు ఇంట్లో రోజూ వినబడతాయి. ఇంగ్లీషు ఫారం మీద అవి ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవడం మాత్రం చాలామందికి రాదు. కౌంటరు వెనక గుమాస్తాగానూ, ముందు రైతుగానూ మార్చి మార్చి ఆడే ఆట ఆ ఫారాన్ని అలవాటు చేస్తుంది. కర్మాగారం లోపలి భాగం కూడా ఇంతే: ఐటీఐ చదివే కుర్రాళ్లు యంత్రాల మధ్యకు వెళ్లక ముందే ఆపు, జరుగు, ప్రమాదం, ఎడమ, కుడి అనే మాటలను ప్రాణభయం లేకుండా నేర్చుకోవచ్చు.

కొరియన్ నేర్చుకునే వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వాక్యంలో క్రియ తెలుగులో లాగే చివర వస్తుంది, ప్రత్యయాలు మాట వెనక చేరతాయి. కష్టమంతా ధ్వనుల్లో. తల్ అంటే చందమామ, థల్ అంటే ముఖానికి పెట్టుకునే ముసుగు, త్తల్ అంటే కూతురు. మొదటి రెండూ తెలుగు చెవికి త, థల తేడాగా అందుతాయి. మూడోదాని బిగువు పట్టుకోవడానికి అభ్యాసం కావాలి. ఆటలో మాట వినబడగానే సరైన వస్తువు వైపు చెయ్యి చాచాలంటే చెవి తనంతట తానే పదునెక్కుతుంది. మర్యాదలూ మాటతో కలిసే ఉంటాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో తమ ‘క్రిస్టలైజ్’ అనే జపనీస్ బోధన ఆటను వీఆర్‌లోకి మార్చినప్పుడు, పలకరింపుతో పాటు ఆటగాడు నిజంగా నడుం వంచి నమస్కరించేలా చేశారు. కొరియన్‌కూ ఆ ఏర్పాటు అతికినట్టు సరిపోతుంది.

జర్మన్ విద్యార్థి కష్టం వేరు. బల్ల పుంలింగం, తలుపు స్త్రీలింగం, కిటికీ నపుంసకలింగం: దేర్ టిష్, దీ త్యూర్, దస్ ఫెన్‌స్టర్. అర్థం చూసి ఊహించే వీలు లేదు, మాటతో పాటే నేర్వాలి. వీఆర్ గదిలో ఒక్కో లింగానికి ఒక్కో రంగు వెలుగు, లేదా పట్టుకున్నప్పుడు కంట్రోలర్‌లో ఒక్కో రకం కంపనం పెట్టడం సులువు. కాగితం మీద ఈ సౌకర్యం సగమే దొరుకుతుంది.

అందని మాటలు, అడ్డొచ్చే సంగతులు

బెంగాల్‌లో ఇంగ్లీషు బోధనపై ఏళ్ల తరబడి పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన సుమారు 2000 పదాల జాబితా మామూలు ఇంగ్లీషు పాఠ్యంలో దాదాపు 80 శాతానికి సరిపోతుంది. ఆ జాబితాలో చేతికి దొరికే వస్తువుల పేర్లు కొన్నే. కానీ, అయినా, ఎందుకంటే, ఆధారపడు, ఒప్పుకో, అవసరం లాంటివే ఎక్కువ. వీటికి వస్తువు చూపలేం, సన్నివేశం చూపగలం. అప్పు అన్న మాట ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, తిరిగి చెల్లించే రోజు ఉంటేనే అర్థమవుతుంది. కథ ఉన్న ఆటలు ఈ పని కొంత చేస్తాయి. ఎక్కువ భాగం చదవడం వల్లే రావాలి. ఒక్కో ఆటలో పది మాటలు నిలుస్తాయని ఉదారంగా లెక్కేసినా 2000 మాటలకు 200 ఆటలు కావాలి. పదసంపద అంతటినీ హెడ్‌సెట్ నెత్తిన పెట్టడం కుదిరే పని కాదు.

మాట్లాడితే జవాబిచ్చే ఆటలు కూడా ఉన్నాయి. మోండ్లీ సంస్థ 2017లో ఉచ్చారణను గుర్తించే వీఆర్ పాఠాలు తెచ్చింది. ఇక్కడ తెలుగు పిల్లలకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది గనుక రోడ్డు, బస్సు, కారు అనడం నోటికి అలవాటు. పల్లెల్లో స్కూలు ముందు ఇకారం చేరి ఇస్కూలు అవుతుంది. వేరే యాసల మీద తర్ఫీదు పొందిన యంత్రం దీన్ని తప్పుగా వింటుంది. పిల్ల సరైన మాటే చెప్పినా ఆట ముందుకు కదలకపోతే, తనకు ఇంగ్లీషు రాదని ఆ పిల్ల నమ్మేస్తుంది. యంత్రం చెవి బాగుపడేదాకా ఉచ్చారణ తీర్పును టీచరుకే వదలడం మేలు.

పరికరం వాడుకలో జాగ్రత్తలు స్థానికంగా మరీ ముఖ్యం. హెడ్‌సెట్ కటకాలు భూతద్దాల వంటివే. ఏప్రిల్ ఎండ పడే కిటికీ గూట్లో కటకాలు పైకి ఉండేలా కొద్ది నిమిషాలు పెడితే సూర్యకాంతి లోపలి తెర మీద ఒక చుక్కగా కేంద్రీకృతమై దాన్ని కాల్చేస్తుంది. ఆ మచ్చ ఇక పోదు. ఎర్రమట్టి దుమ్మును చొక్కా అంచుతో తుడిస్తే కటకం మీద గీతలు పడతాయి. ముఖానికి ఆనే మెత్త చెమటతో తడుస్తుంది కాబట్టి ఒకరి నుంచి ఒకరికి మారేటప్పుడు శుభ్రం చేయాలి, కళ్లకలక తిరిగే రోజుల్లో వాడకమే ఆపాలి. చిన్న పిల్లల కళ్ల ఎడానికి చాలా హెడ్‌సెట్లు సరిపోవు. మెటా (పాత పేరు ఫేస్‌బుక్) సంస్థ 2023లో కనీస వయసును 13 నుంచి 10 ఏళ్లకు తగ్గించినా, అది తల్లిదండ్రుల అదుపులోని ఖాతాతోనే. పది నిమిషాల ఆట తర్వాత కంటికి విశ్రాంతి ఇవ్వాలి, తల తిరుగుతోందన్న పిల్లను మళ్లీ కూర్చోబెట్టకూడదు.

ఫలితం కొలవడం

నేర్చారో లేదో తెలుసుకోవడానికి ఆట చూపించే స్కోరు పనికిరాదు. అది ఆట అలవాటైందని చెబుతుంది, మాట అలవాటైందని చెప్పదు. ఎమ్‌ఐటీ ప్రయోగం చూపినట్టు వెంటనే పెట్టే పరీక్ష కూడా దారి తప్పిస్తుంది. సరైన పద్ధతిలో పరీక్ష వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, హెడ్‌సెట్ లేకుండా జరగాలి. లంగరు మాట నేర్చిన పిల్లకు రేవు బొమ్మ చూపకూడదు. ఆ మాట ఉన్న కొత్త వాక్యం ఇచ్చి అర్థం అడగాలి, తర్వాత తననే ఒక వాక్యం చెప్పమనాలి. అదే తరగతిలో సగం మాటలను వీఆర్‌తో, సగం మాటలను నల్లబల్ల మీద నేర్పి, రెండు కుప్పలనూ ఒకే రోజు పరీక్షిస్తే పోలిక న్యాయంగా ఉంటుంది. తరగతి సగటుతో పాటు చివరి పది మంది మార్కులు విడిగా రాసుకోవాలి. పెన్సిల్వేనియాలో కనబడిన మేలు అలాంటి వాళ్లకే దక్కింది గనుక, పీఠభూమి బడిలో అది దక్కిందో లేదో ఆ పది వరసల్లోనే తెలుస్తుంది.